ఇన్‌చార్జి డాక్టరమ్మ

నీళ్ల డ్రమ్మును పక్కకు వంచి, భుజాల దాకా లోపలికి దూరి, కొబ్బరిపీచుతో అంచులు రుద్దుతోంది సుజన. శుక్రవారం ఎవరి ఇంట్లోనూ నీళ్లు నిలవ ఉంచొద్దని ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పించేది ఆమే. కాబట్టి గౌలిపురలో ఆమె ఇంటి డ్రమ్ము మీద అందరి కళ్లూ ఉంటాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు. దోమ గుడ్లు కంటికి కనబడకుండా అంచును పట్టుకుని ఉంటాయి. అడుగంటిన అన్నం గిన్నెను రుద్దినట్టు రుద్దాలి.

"ఆ మూల రాలేదు," అన్నాడు వాకిటి గద్దె మీద కూర్చున్న ఎల్లప్ప. పొగ మిషను భుజాన వేసుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిరిగి రిటైరైన మనిషి. మిషను పోయింది, కూతురి మీద తనిఖీ మిగిలింది.

"ఏ మూల బాపూ? డ్రమ్ము గుండ్రంగ ఉన్నది."

"గుండ్రంగ ఉన్నదానికే మూలలెక్కువ."

గల్లీ మొదట్లో బుల్లెట్ బండి చప్పుడు వినబడగానే ఎల్లప్ప లేచాడు. ఆ చప్పుడు ముకుంద్‌ది. నగర ఆరోగ్య మండలిలో ప్రతిపక్ష సభ్యుడు. ఎల్లప్ప లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేశాడు. తాను మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దమనిషి ఎవరొచ్చినా ఆయన అలాగే నిలబడతాడు. కూర్చోమన్నా కూర్చోడు.

"డాక్టరమ్మా, నిన్నటి మా లొల్లి టీవీల చూసిన్రా?" అన్నాడు ముకుంద్ కుర్చీలో వెనక్కి వాలుతూ.

సుజన చూసింది. మండలిలో ప్రధాన ఆరోగ్యాధికారి కుర్చీ మూడేళ్లుగా ఖాళీ. రెండు పక్షాలకూ ఒక్క పేరు మీద కుదరలేదు. అప్పటినుంచీ ఆ పనంతా ఇన్‌చార్జిగా సుజన చేస్తోంది. ప్రజారోగ్యంలో డిప్లొమా, బస్తీల్లో పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లే ఆ పోస్టుకు అర్హులని పాత నిబంధన. నిన్న పాలకపక్షం దాన్ని తీసేసి కొత్తది పెట్టాలని ప్రతిపాదించింది. పెద్ద ఆసుపత్రికి సూపరింటెండెంటుగా చేసినవాళ్లే అర్హులు. ఇది పెద్ద ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ శ్రీపాదను నిలబెట్టి కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా అని ప్రతిపక్షం అరిచింది. మైకులు గుంజుకున్నారు. చివరికి అధ్యక్షుడు, అభ్యంతరాలున్నవాళ్లు ఎవరైనా సరే బుధవారం వచ్చి మాట్లాడవచ్చు, ఆ తరవాత ఓటింగు అని సభ ముగించాడు.

"మంగళవారం మా ధర్నా," అన్నాడు ముకుంద్. "మీరు స్టేజి మీద కూసుంటే చాలు. మాట్లాడేది మేం చూసుకుంటం."

"సర్వీసుల ఉన్నదాన్ని. ధర్నాల ఎట్ల కూసుంట అన్నా?"

"అయితే ఒద్దు, ఇంట్లనే ఉండున్రి. ఫొటో చాలు. 'గల్లీ బిడ్డకు అన్యాయం' అని ఫ్లెక్సీ కొట్టిస్తున్న. జెర మంచి ఫొటో పంపున్రి. ఐడీ కార్డు మీదిది ఏడ్సినట్టున్నది."

చాయ్ తెస్తున్న తల్లి మాణిక్యమ్మ గడపలో ఆగి నవ్వింది. "అది ఉన్నదే గట్ల బిడ్డా. చిన్నప్పటిసంది ఫొటో అంటే ఏడుపే."

సుజన చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆలోచించి చెప్త అన్నా."

బుల్లెట్ మలుపు తిరిగేదాకా నిలబడి, అప్పుడు కూర్చున్నాడు ఎల్లప్ప. "మనకెందుకు బిడ్డా ఈ లొల్లి. పెద్దోళ్లు ఇచ్చినప్పుడు తీసుకోవాలె. అడిగి తీసుకున్నదానికి ఇజ్జతుండది."

సుజన డ్రమ్మును బోర్లించి ఎండకు పెట్టింది.

*

మండలి ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లో ఉంది. కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే పాత కాగితాల వాసన. ప్రధాన ఆరోగ్యాధికారి గదిలో పెద్ద టేబులు, దాని వెనక తెల్ల తువ్వాలు కప్పిన ఎత్తు కుర్చీ. సుజన దానిలో ఎన్నడూ కూర్చోలేదు. టేబులు పక్కన ఒక చెక్క కుర్చీ వేయించుకుని, కొంచెం పక్కకు తిరిగి రాస్తుంది. మూడేళ్లుగా అలా రాసీ రాసీ ఆమె మెడ కుడివైపు పట్టేస్తుంది. ప్యూను రోజూ పొద్దున ఆ ఎత్తు కుర్చీని దులిపి, తువ్వాలు సర్ది పోతాడు.

ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు సూర్యప్రభ ఫైళ్ల కట్ట తెచ్చి టేబులు మీద పెట్టింది. ఆమెదీ గౌలిపురే. భర్త వాళ్లది తరతరాలుగా గుడి అర్చకత్వం. పదిమందిలో సుజనను మేడమ్ అంటుంది. తలుపు మూసి ఉంటే పేరు పెట్టి పిలుస్తుంది. ఇప్పుడు తలుపు మూసింది.

"బుధవారం ఏమంటరో చెప్త విను. 'ఈమెకు అనుభవం ఏడుంది? మూడేండ్లల్ల ఒక్క కాగితం మీదన్న అధికారిగ సంతకం చేసిందా?' అంటరు."

సుజన పెన్ను ఆపింది. ఎదుట ఉన్న నోటీసు కింద రబ్బరుస్టాంపు వేసి ఉంది: ప్రధాన ఆరోగ్యాధికారి తరఫున. ఆ పైన తన సంతకం.

"నీకిచ్చిన ఆర్డర్ల 'పూర్తి బాధ్యతలు' అని ఉన్నది. స్టాంపు మీద 'తరఫున' అని నువ్వే చేయించినవ్. నేను ఒద్దంటే ఇన్లే."

"పర్మనెంటు గాక ముందే అధికారి అని రాసుకుంటే ఏం బాగుంటది అక్కా?"

సూర్యప్రభ ఎదురుగా కూర్చుంది. "మా ఇంట్ల అర్చకత్వం వంతులు. వంతొచ్చిన పొద్దు గుడి తాళంచెవి మనమే పోయి తెచ్చుకోవాలె. ఇంటికెవరు తెచ్చియ్యరు. మా మరిది ఒకసారి, పిలుస్తరులే అని పండుకున్నడు. అడుక్కున్నట్టు ఉంటదని ఆయన మర్యాద. స్వామి పొద్దెక్కేదాక చీకట్ల ఉన్నడు."

"మరి ఎవరు తీసిన్రు?"

"ఎవరు తీస్తరు? వంతు ఆయనదాయె. అందరు బయట నిలబడి ఆయన్ని తిట్టిన్రు, అంతే." కట్టలో పై ఫైలు తీసి ఆమె ముందుకు జరిపింది. "ఇది పత్తర్‌గట్టి జ్వరాల ఫైలు. ఇంకొన్ని కేసులొచ్చినయ్."

*

శనివారం పొద్దున సుజన పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఉంది. పక్కన ఫీల్డు వర్కరు పుష్పమ్మ, చేతిలో టార్చి, పొడవాటి కాడ గరిటె. ముందు వీధిలో బట్టల దుకాణాలు అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నాయి. వెనక గల్లీలో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు మంచంలో ఉన్నారు.

పూలు కట్టే ఒకావిడ వాకిట్లో కూర్చుని మల్లెలు అల్లుతోంది. లోపల ఆమె కోడలు, కడుపుతో ఉన్న పిల్ల, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిన్ననే ఆసుపత్రినుంచి తెచ్చారట.

"మంచిగ చూసిన్రమ్మా," అంది ఆవిడ దారం పళ్లతో తెంపుతూ. "పెద్ద డాక్టరు శ్రీపాద సారు సొంతంగ వచ్చి చూసిండు. ఇంటికి పోయినంక దోమలు కుట్టకుంట చూసుకో అన్నడు. యాడ చూసుకోవాలె?"

సుజన ఆ ఇంట్లో కుండ, కూలరు, పూలబుట్ట కింది పళ్లెం అన్నీ చూసింది. ఎక్కడా ఏమీ లేదు. పక్కింట్లోనూ లేదు. గల్లీ అంతా శుభ్రంగా ఉంది, జ్వరం మాత్రం ఉంది. ఆమె గల్లీ చివరి గోడ దగ్గర ఆగి తలెత్తింది. గోడకు అవతల మూతబడి ఉన్న ఫంక్షన్ హాలు.

"దీంట్ల సంపు ఉన్నదా పుష్పమ్మా?"

"లేకేం మేడమ్. పెండ్లికొచ్చినోళ్లందరు చేతులు కడుగుతరు గదా."

హాలు చూసుకునే అనురాగ్ గేటు దగ్గరే ఉన్నాడు. కుర్రవాడు, చెవిలో ఇయర్‌ఫోను. మర్యాదగానే లోపలికి రానిచ్చాడు. సంపు మూత సగం పగిలి ఉంది. పుష్పమ్మ గరిటె ముంచి పైకి తీసి టార్చి వేసింది. ఆ గరిటెడు నీళ్లలో పురుగులు కుప్పిగంతులు వేస్తున్నాయి.

"ఏం పెండ్లి జరుగుతున్నది సార్ లోపల?" అంది పుష్పమ్మ. "మస్తు మంది చుట్టాలొచ్చిన్రు."

సుజన నోటీసు రాసి చేతికిచ్చింది. నీళ్లు తోడించి, సంపు కడిగించి, మూత వేయించాలి. అనురాగ్ దాన్ని చివరిదాకా చదివాడు. స్టాంపు దగ్గర వేలు పెట్టాడు.

"తరఫున అని ఉంది మేడమ్. ఎవరి తరఫున?"

"ప్రధాన ఆరోగ్యాధికారి తరఫున."

"ఆ పోస్టు వేకెంట్ కదా. టీవీలో రోజూ అదే నడుస్తుంది. లేని మనిషి తరఫున నోటీసు ఎట్లా చెల్లుతుంది?" అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "సంపు మరమ్మతుకు మా ఓనర్ ఒప్పుకోడు. అసలు ఆఫీసర్ వచ్చినంక చూద్దాం. ప్లీజ్, ఏమనుకోకండి."

నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే పూలావిడ వాకిలి ముందు సుజన నడక నెమ్మదించింది. కోడలు లేచి కూర్చుని, కాళ్ల మీద వాలిన దోమను అరచేత్తో కొట్టుకుంటోంది. సుజన ఆ పిల్లకు దోమతెర తెప్పించమని పుష్పమ్మకు చెప్పింది. గల్లీకి పొగ మిషను పంపమని ఫోను చేసింది. అవి రెండూ చేసినా, అసలు చేయాల్సింది అక్కడే ఉందని ఆమెకు తెలుసు, గోడకు అవతల, పగిలిన మూత కింద.

*

ఆదివారం మధ్యాహ్నం ముకుంద్ ఫోను చేశాడు.

"డాక్టరమ్మా, ఫొటో పంపలే."

"పంపనన్నా. ధర్నాకు నా పేరు ఒద్దు."

"సరే, మీ ఇష్టం. ఇంకో చిన్న ముచ్చట. పత్తర్‌గట్టి హాలు చూసుకునేది మావాడే. అనురాగ్, మా అక్క కొడుకు. ఏదో నోటీసంట. ఈ వారం రోజులు జెర ఆగున్రి. మీ పోస్టు సంగతి తేలనియ్యున్రి. మనం మనం ఒకటి గదా."

సుజన ఫోను చెవికి పెట్టుకునే వంటింట్లోకి వెళ్లింది. మాణిక్యమ్మ చింతపండు పిసుకుతోంది.

"అన్నా, అక్కడ కడుపుతోటి ఉన్న పిల్లకు జ్వరం."

"అయ్యో, ఆసుపత్రిల చేర్పియ్యున్రి. ఖర్చు నేను పెట్టుకుంట. ఫికర్ చెయ్యకున్రి."

సుజన ఫోను పెట్టేసింది. తల్లి పిసికిన చింతపండు పిప్పి తీసి పక్కన పెట్టి, మొహం చూసి అడిగింది: "ఏమంటడు?"

"మంచిగనే మాట్లాడుతుండమ్మా. అందరు మంచిగనే మాట్లాడుతున్నరు."

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే సూర్యప్రభను పిలిపించింది. ఫంక్షన్ హాలుకు కొత్త నోటీసు టైపు చేయించింది. రెండు రోజుల గడువు, ఆ పైన మండలి సిబ్బందే వచ్చి సంపు ఖాళీ చేస్తారు. స్టాంపు వేయబోతున్న సూర్యప్రభ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఒద్దక్కా. చేత్తోనే రాస్త."

సంతకం చేసి, కింద రాసింది: ప్రధాన ఆరోగ్యాధికారి, పూర్తి బాధ్యతలు. రాసిన తరవాత ఒకసారి చదువుకుంది. చెవులు వేడెక్కాయి. ఎవరి బట్టలో తొడుక్కుని వీధిలోకి వచ్చినట్టు అనిపించింది.

సూర్యప్రభ ఆ కాగితాన్ని సిరా ఆరేదాకా పట్టుకుని నిలబడింది. "మళ్ల మనసు మార్చుకుంటవో ఏమో," అని తానే తీసుకుపోయి పంపించింది.

ఆ నోటీసును అనురాగ్ తెరిచైనా చూడలేదనీ, "ఇది కూడా తరఫునే కదా" అని సొరుగులో వేశాడనీ సాయంత్రం పుష్పమ్మ చెప్పింది.

*

మంగళవారం ధర్నా జరిగింది. ఫ్లెక్సీ మీద సుజన ఫొటో లేదు, పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. టీవీలో అది చూసి ఎల్లప్ప కట్టేశాడు. గద్దె మీద కూతురి పక్కన కూర్చున్నాడు. గల్లీలో పాలబండ్లు వెనక్కి పోతున్నాయి.

"రేపు నేను పోయి మాట్లాడుత బాపూ," అంది సుజన. "ముకుందన్నతోటి గాదు. ఒక్కదాన్నే."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు. వద్దంటాడని ఆమె ఎదురుచూసింది.

"పెద్ద బంగ్లాలు, కోఠీల గేటుకాడికి పోతే, మేస్త్రీని తీస్కరా అనేటోళ్లు నన్ను," అన్నాడు. "మేస్త్రీ రాడు. నేను గేటు బయట పొగ కొట్టి వచ్చేటోణ్ణి. పొగంత బయట, దోమలు లోపల. అది మర్యాద అనుకున్న." కాసేపు పాలబండ్ల వైపు చూశాడు. "రేపు గట్టిగ మాట్లాడు. ఆ హాలుల ఎనక కూసున్నోళ్లకు ఇనరాదు."

బుధవారం మండలి హాలు నిండిపోయింది. అభ్యంతరాలు చెప్పేవాళ్లు చాలామంది వచ్చారు. చాలామంది కాగితం చూసి చదివారు, ఒకే మాటలు, ఒకే వరసలో. సుజన వంతు వచ్చినప్పుడు అధ్యక్షుడు కళ్లద్దాలు పైకి తోశాడు.

"మీరు ఏ పక్షం తరఫున మేడమ్?"

"ఏ పక్షం లేదు సార్. ఆ పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంటా. నాకోసమే మాట్లాడుతున్నా."

హాల్లో చిన్న నవ్వు పాకింది. అలా ఎవరూ ఒప్పుకోరు.

పాలకపక్షం సభ్యుడు నందు లేచాడు. "మేడమ్, ఈ మూడేండ్లల్ల ప్రధాన ఆరోగ్యాధికారి ఎవరు? ఎవరు లేరు గదా. మీరు చేసిన సంతకాలన్ని తరఫున చేసినయే. మరి అనుభవం ఏది?"

సుజన మైకును కొంచెం దగ్గరికి లాక్కుంది.

"సంతకం తరఫున చేసిన సార్. పని నేనే చేసిన."

వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. ఆమె కొనసాగించింది. ఆఫీసు భాషలో మొదలుపెట్టిన మాటలు ఆమెకు తెలియకుండానే ఇంటి భాషలోకి దిగాయి.

"పత్తర్‌గట్టి వెనక గల్లీల ఒక పిల్లకు జ్వరమొచ్చింది. శ్రీపాద సారు ఆసుపత్రిల్నే బాగైంది. ఆయన మంచి డాక్టరు, నేను అబద్ధమాడను. ఆయన కాడికి రోగులు నడిచొస్తరు. ఈ కుర్చీ కాడికి ఎవరు రారు. మనమే పోవాలె. పోయి మూతలు లేపి చూడాలె, గేట్లకాడ నిలబడాలె, మాట పడాలె. ఆ పోవుడు నేర్చుకునేటందుకే పాత రూల్ల పదేండ్లు పెట్టిన్రు. అది అక్కెర లేదనుకుంటే తీసేయున్రి. నాకు పోస్టు రాకున్నా మంచిదే, తిరిగినోళ్లకు రానియ్యున్రి."

ముకుంద్ గట్టిగా బల్ల చరిచాడు. సుజన అతని వైపు చూడలేదు.

ఓటింగులో కొత్త నిబంధనకు చేతులు ఎత్తమన్నప్పుడు పాలకపక్షంలో బస్తీల నుంచి గెలిచిన ఇద్దరు ఆడవాళ్లు చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు. నందు వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లు పైకప్పు ఫ్యాన్ల వైపు చూస్తున్నారు. నిబంధన ఓడిపోయింది. పాతదే ఉంటుందనీ, ఇన్‌చార్జిగా చేసిన కాలం కూడా లెక్కలోకి వస్తుందనీ, దరఖాస్తులు పిలుస్తారనీ అధ్యక్షుడు ప్రకటించాడు. దరఖాస్తులు పెట్టేవాళ్లు ఇంకా ఉంటారు. బస్తీల్లో తనకన్నా ఎక్కువ తిరిగినవాళ్లూ ఉండవచ్చు. సుజన మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికగా ఉన్నాయి.

*

గురువారం పొద్దున్నే ఇంటినిండా మనుషులు. ముకుంద్ శాలువా, దండ, ఫొటోగ్రాఫరుతో వచ్చాడు. వెనకే నందు మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఒక్క గదిలో ఇద్దరూ ఎదురెదురుగా పడ్డారు.

"మా ధర్నాతోటి గెలిచింది డాక్టరమ్మ," అన్నాడు ముకుంద్.

"ధర్నాకు ఓట్లుంటయా భాయ్? మావోళ్లు చేతులు లేపలే, గందుకు గెలిచింది. మేమే లేపొద్దన్నం."

"అన్నరా? నిన్న మీ మొకం చూస్తే గట్ల అనిపియ్యలే."

"నా మొకం గట్లనే ఉంటది. మీ లెక్క టీవీ కోసం దిద్దుకోను."

మాణిక్యమ్మ గ్లాసులు చాలక పక్కింటికి మనిషిని పంపింది. ఎల్లప్ప ఇద్దరికీ కుర్చీలు వేశాడు. ఈసారి గోడకు ఆనలేదు. మూలనున్న స్టూలు లాక్కుని తానూ కూర్చున్నాడు. అది ఎవరూ గమనించలేదు, సుజన తప్ప.

ఆమె చేతిలో ఫోను మోగింది. పుష్పమ్మ. "మోటరు తెచ్చినం మేడమ్, పైపులు గుడ తెచ్చినం. హాలు గేటు తాళం తీస్తలేడు. గడువు అయిపోయిందంటే మా మామకు ఫోన్ చేస్త అంటుండు."

ఫొటోగ్రాఫరు శాలువా మడత విప్పమన్నాడు. అప్పుడే ముకుంద్ జేబులో ఫోను మోగింది. తీసి చూసి, "మా అనురాగ్‌గాడు, తర్వాత మాట్లాడుత," అని కట్ చేశాడు. "డాక్టరమ్మా, ఇటు వచ్చి నిలబడున్రి, వెలుతురు ఇటున్నది."

"ఆమె నడుమ నిలబడాలె," అన్నాడు నందు. "నేను ఇటు, మీరు అటు."

"మీరెందుకు ఫొటోల?"

"ఎందుకంటే ఓట్లు మావి."

వాళ్లు ఎవరు ఎటు నిలబడాలో తేల్చుకుంటుండగా సుజన గోడ మేకుకున్న సంచీ తీసింది. టార్చి లోపల ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. ముకుంద్ చేతుల్లో శాలువా విప్పి ఉంది. ఆమె దాని పక్కనుంచి వాకిట్లోకి నడిచింది.

మాణిక్యమ్మ నోరు తెరిచింది. ఎల్లప్ప ఆమె మణికట్టు మీద చెయ్యి వేశాడు.

సుజన చెప్పులు వేసుకుంది. గల్లీలోకి దిగి పత్తర్‌గట్టి వైపు వెళ్లిపోయింది.